విమానాలు రాని పూట

ఒకప్పుడు అచ్చమ్మ వాకిలి ఊడుస్తూ పాడుకునేది. పొద్దు పొడిచి, కాలవ గట్టు మీద గేదెలు బారులు తీరి పోయే వేళకు చీపురు పట్టేది. ఆదివారం చర్చిలో పాడిన పాట ఏదో బుధవారం దాకా ఆమె నోట్లో నానుతూనే ఉండేది. ఈ చివర నుంచి ఆ చివరకు ఊడ్చేసరికి ఒక చరణం అయ్యేది. అరుగు మీద కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్న బర్నబాస్ వింటూ వింటూ, "రెండో చరణం ఎగ్గొట్టావేంటే" అనేవాడు. "ఇవాళ చెత్త తక్కువుంది" అనేది ఆమె, నడుం ఎత్తకుండానే.

ఇప్పుడు చీకటితోనే ఊడ్చేస్తోంది. పాట లేదు. అరుగు మీద మనిషి లేడు. చీపురు ఇసక మీద చేసే చప్పుడు తనకే వినపడనంత మెల్లగా ఊడుస్తుంది. చెవి మాత్రం సముద్రం వైపు ఆకాశం మీద వేసి ఉంచుతుంది. అవి రాకముందే బయటి పని తెమిలిపోవాలి.

అవి అంటే విమానాలు.

పొగడపాలెం బాపట్లకు సముద్రం వైపున ఉంటుంది. కాలవ అక్కడికి వచ్చేసరికి అలిసిపోయి, సన్నబడి, సరుగుడు తోటల మధ్య నుంచి ఇసకలోకి జారిపోతుంది. ఈ గట్టున లూథరన్ వాళ్ల ఇళ్లు, చర్చి, బడి. ఆ గట్టున ఈపురుపాలెం నుంచి వచ్చి స్థిరపడిన నేతపనివాళ్ల ఇళ్లు. ఇక్కడి ప్రార్థన అక్కడికి, అక్కడి మగ్గం చప్పుడు ఇక్కడికి నీళ్ల మీదుగా వచ్చి పోతుండేవి. బర్నబాస్ ఆ కాలవకు లస్కరు. ఏ పొలానికి ఎప్పుడు తూము ఎత్తాలో ఎప్పుడు దించాలో చూసుకునే ఉద్యోగం. రాత్రి మంచం మీద పడుకుని, నీళ్ల చప్పుడు మారితే, "పైన తలుపు దించారే" అని పెళ్లాంతో చెప్పి అటు తిరిగి పడుకునేవాడు. ఊరు అంత నెమ్మదిగా ఉండేది మరి.

ఉప్పెన వచ్చిన ఏడు నుంచి వయసులు లెక్కపెట్టుకునే ఊరది. ఉప్పెన పోయి, కొబ్బరిచెట్లు మళ్లీ తలలెత్తి, మనుషులు గాలిని నమ్మడం మొదలుపెట్టాక, ఆ తీరం వెంట మిలిట్రీ వాళ్లు కంచె వేసి గురి చూసుకునే స్థలం చేసుకున్నారు. మొదటిసారి విమానం ఇళ్ల కప్పుల మీదుగా పోయిన రోజు, ఊరంతా పిల్లల్ని చంకనేసుకుని చర్చి డాబా మీదికి ఎక్కింది. ఉప్పెనే మళ్లీ వచ్చిందనుకున్నారు. పైన నిలబడి చూస్తే సముద్రం ఎక్కడిది అక్కడే ఉంది. ఆకాశంలో తెల్లటి గీత ఒకటి మెల్లగా విచ్చుకుంటోంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్లు సిగ్గుపడుతూ ఒక్కొక్కరే కిందికి దిగారు.

ఆ తర్వాత ఆడవాళ్లు దాన్ని ఉరుముల్లో జమ కట్టారు. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా, పొదిగే కోడి గంపలో ఒక ఇనప మేకు, ఒక బొగ్గు ముక్క పెట్టడం అక్కడ అమ్మమ్మల నాటి నుంచీ ఉన్న పద్ధతి. విమానం ఉరుము కన్నా పెద్దది కాబట్టి ఇనుము కూడా పెద్దదే పెట్టాలనుకున్నారు. మేకు పోయి తలుపు గడియ వచ్చింది. గడియ పోయి విరిగిన కొడవలి వచ్చింది. అవతలి గట్టు చెంచమ్మ మగ్గం సామాను పెట్టి మొగుడి చేత తిట్లు తిన్నది. బర్నబాస్ అయితే తూము ఎత్తే ఇనప పిడి కనపడక ఊరంతా వెతికి, చివరికి తన ఇంట్లో కోడి కిందే పట్టుకున్నాడు.

"ఇది పొదుగుతోందా, కొలిమి పెట్టుకుందా?" అన్నాడు పిడి తుడుచుకుంటూ.

"గుడ్లు నిలవాలిగా" అంది అచ్చమ్మ.

నిలవలేదు. ఇనుము చల్లదనానికి కోడే లేచిపోయింది.

మనుషులు మాత్రం వేరే పద్ధతి నేర్చుకున్నారు. ఒకరు చెప్పింది కాదు, దానంతటదే వచ్చింది. బడి మొదటి గంట కొట్టిన కాసేపటికి విమానాలు వచ్చేవి, ఒకదాని వెనక ఒకటి. ఆ వేళకు మాట్లాడేవాళ్లు మాట ఆపేవారు. తల్లులు చంటిపిల్లల చెవులు మూసేవారు. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆగేది. అన్నీ వెళ్లిపోయాక, ఆపిన చోటే మళ్లీ అందుకునేవారు. "బాపట్లలో వంకాయలు" అని ఆగి, ఆకాశం ఖాళీ అయ్యాక, "అన్నీ పుచ్చులే" అనేవారు. మధ్యలో ఏమీ జరగనట్టే. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు నవ్వేవారు. ఊరివాళ్లకు అందులో నవ్వేదేంటో తెలిసేది కాదు.

"మొగుడూ పెళ్లాల పోట్లాట కూడా సగంలో ఆగిపోతోంది" అనేవాడు బర్నబాస్. "మిగతా సగం గుర్తుండి చావట్లేదు. ఆ ఒక్క మేలూ ఉంది."

తర్వాత ఆయనకు గుండె జబ్బు వచ్చింది. డాక్టరు మందులు రాసిచ్చి, ఇంట్లో నెమ్మదిగా ఉంచమన్నాడు. అచ్చమ్మ మంచాన్ని లోపలి గదిలోకి మార్చింది. కిటికీకి దుప్పటి కట్టింది. అయినా మోత గోడల్లోంచి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆయన ఒళ్లంతా అదిరిపడి మంచం కిర్రుమనేది. ఆమె ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి, రెండు అరచేతులూ ఆయన చెవుల మీద పెట్టేది. ఆ చేతుల మధ్య ఆయన కళ్లు మూసుకుని, నీళ్ల అడుగున ఉన్నవాడిలా, ఎక్కడికో పోయి వచ్చేవాడు. "ఇప్పుడేం వినిపించింది?" అని ఆమె అడిగితే, "నీ చేతుల్లో నెత్తురు పారుతోంది, కాలవలాగే ఉంది" అనేవాడు.

ఒక పొద్దున ఆయన వేలు కదిపి పిలిచాడు. ఆమె వంగింది. పెదాలు కదిలాయి. సరిగ్గా అప్పుడే సముద్రం వైపు నుంచి మోత మొదలైంది. ఆమె చెవి ఆయన నోటి దగ్గర పెట్టి ఉంటే వినేదేమో. కానీ అలవాటుపడ్డ చేతులు వాటంతటవే లేచి ఆయన చెవులు మూశాయి. పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆమె చూస్తూ ఉంది. ఊళ్లో అందరూ చేసినట్టే, అయిపోయాక అందుకుంటాడులే అనుకుంది.

మోత వెళ్లిపోయింది. ఆయన అందుకోలేదు.

ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. చివర్లో ఏమైనా చెప్పాడా అని అడిగినవాళ్లకు, "నిద్రలోనే పోయాడు" అంది. కూతురికీ అదే చెప్పింది.

ఆ కూతురు రూతు. వాళ్లకు ఒక్కతే. తెనాలిలో ఇచ్చారు. అల్లుడు ఏసుబాబు అక్కడ ఏదో ఆఫీసులో గుమాస్తా. తండ్రి పోయిన కొన్నాళ్లకు రూతు నెల తప్పింది. ఆ కబురు విన్నప్పటి నుంచి అచ్చమ్మకు రోజులు మళ్లీ కదలడం మొదలుపెట్టాయి. మొదటి పురుడు పుట్టింట్లోనే పోయాలి. దాని కోసం బర్నబాస్ కూతురి పెళ్లయిన ఏడే లోపలి గది దూలానికి ఉయ్యాల కొక్కేలు కొట్టి పెట్టాడు. "తొందరేంటి మీకు" అని అప్పుడు ఆమే ఎగతాళి చేసింది.

ఏడో నెల రాగానే కొత్త చీర, కజ్జికాయల డబ్బా పట్టుకుని ప్యాసింజరు ఎక్కింది. తెనాలిలో వియ్యపురాలు విజయమ్మ ఎదురొచ్చింది. మంచి మనిషే. కాఫీ ఇచ్చింది, ఫ్యాను కిందికి కుర్చీ జరిపింది, బర్నబాస్‌ను తలుచుకుని కళ్లు ఒత్తుకుంది. అమ్మాయిని తీసుకెళ్తానంటే మాత్రం గ్లాసు కింద పెట్టేసింది.

"కోప్పడకండి వదినగారూ. అన్నయ్యగారి భూస్థాపనకు వచ్చినప్పుడు చూశాగా. పెట్టె దింపుతుంటే వచ్చింది ఆ మాయదారి మోత. పక్కనెవరో పెద్దాయన ఉంటే ఆయన భుజం పట్టుకుని వేలాడాను."

"ఆయన మా జార్జి మాస్టారండి."

"ఎవరైతే ఏంటి, నా పరువు పోయింది. పెద్దదాన్ని నాకే అలా ఉంటే పసిగుడ్డు ఎలా పడుకుంటుంది? కడుపుతో ఉన్న పిల్ల అలా ఉలిక్కిపడొచ్చా?"

"తలుపులు వేసుకుంటామండి. చెవులు మూస్తాను."

"ఎవరి చెవులని మూస్తారు? తల్లివా, పిల్లవా? మీకున్నవి రెండు చేతులు."

అచ్చమ్మ తన చేతుల వంక చూసుకుంది. విజయమ్మ గొంతు తగ్గించింది.

"నేను వద్దనట్లేదు వదినగారూ. రేపల్లెలో మీ తమ్ముడుగారి ఇల్లుందిగా. అక్కడ పోయండి పురుడు. మీరే దగ్గరుండి చేసుకోండి. మీ ముచ్చటా తీరుతుంది, పిల్లలకూ నిద్ర ఉంటుంది."

తమ్ముడిది రేపల్లె స్టేషను వెనక మిల్లుల వీధిలో రెండు గదుల ఇల్లు. ఊక దుమ్ము పళ్లెంలో పడుతుంది. మిల్లు మోత మోత కాదా అని నోటి దాకా వచ్చింది గానీ అనలేదు. తను అడగదలుచుకున్నది అది కాదు. బర్నబాస్ పోయాక ఆ ఇల్లు మోతకు అదరడం, మోత పోయాక బిగుసుకుపోవడం, ఈ రెండే చేస్తోంది. ఆ ఇంట్లోనే, ఆ గదిలోనే, ఒక పసిపిల్ల నిశ్చింతగా నిద్రపోతుంటే చూడాలని ఆమెకు. అది రేపల్లెలో దొరికేది కాదు.

రూతు గుమ్మం పట్టుకుని నిలబడి, తల్లి మొహం వంకా అత్తగారి మొహం వంకా చూస్తూ ఉంది. "నాకు మనింటికే రావాలనుందమ్మా" అని వెళ్లేటప్పుడు చెవిలో చెప్పింది.

స్టేషనుకు దిగబెట్టడానికి వచ్చిన ఏసుబాబు, "ఏం చేస్తాం అత్తయ్యా, మన కోసం విమానాలు ఆగుతాయా?" అన్నాడు.

"ఆగమని ఎవరం అడిగాం బాబూ?" అంది అచ్చమ్మ.

అన్నాక తనకే ఆశ్చర్యం వేసింది. రైలు నిడుబ్రోలు దాటి, అప్పికట్ల దాటి, పసుపు పచ్చటి చేల మీదుగా పోతుంటే, ఆ మాట చక్రాల కింద తిరుగుతూనే ఉంది. కిటికీ ఊచలకు తల ఆనించుకుని, కోత కాని వరి మీద ఎండ వాలడం చూస్తూ, ఏమని అడగాలి అనుకుంది. బాపట్లలో దిగేసరికి ఏమని అడగాలో తెలిసింది.

నేరుగా జార్జి మాస్టారి ఇంటికి వెళ్లింది. ఆయన అంతకుముందే ఊరి తరఫున రెండు అర్జీలు పంపి, జవాబు రాక, విసిగి ఉన్నారు.

"ఆపమని రాశానమ్మా. ఆపరు. దేశానికి కావాలంటారు. ఇంకేం రాయను?"

"ఆపమని రాయొద్దండి మాస్టారూ. చెప్పి రమ్మని రాయండి."

"చెప్పి రావడమేంటి?"

"సముద్రం మీదికెళ్లే పల్లెకారులకు ముందురోజు టముకు వేసి చెబుతారు కదండి, రేపు వలలు వేయొద్దని. మనం నీళ్లలో లేమని మనకు చెప్పరు. చెబితే, ఆ పూట పసిపిల్లల్ని పట్టుకుని ఎటైనా పోతాం. చెప్పని పూట గుండె మీద చెయ్యేసుకుని పడుకుంటాం. ఊరి మీద నుంచి కాకుండా సముద్రం మీద నుంచి తిరిగి వెళ్లమనండి. ఇంతేనండి."

అచ్చమ్మ అన్ని మాటలు ఒక్కసారే మాట్లాడటం మాస్టారు ఎప్పుడూ వినలేదు. కళ్లజోడు వెతుక్కున్నారు.

ఆ వారమంతా ఆమె రెండు గట్లూ తిరిగింది. ఎక్కువ మాట్లాడదు. గుమ్మంలో కూర్చుంటుంది. వాళ్ల బాధ వాళ్లే చెప్పుకొస్తారు. పాలు చేపని గేదె, పక్క తడిపే పెద్దపిల్లాడు, నేలరాలిన పిచ్చుక గూళ్లు. తోటల్లో కొంగలు వాలడం మానేశాయని ఒక ముసలాయన అన్నాడు. అందరూ విని అవునే అనుకున్నారు. అంతకుముందు ఎవరూ గమనించలేదు.

చెంచమ్మ దగ్గరికి వెళ్తే, ఆమె అప్పటికే చీర మార్చుకుని ఉంది.

"మా ఆయన రామలింగం విమానాన్ని తిట్టలేక నన్ను తిడుతున్నాడు వదినా. పోగు తెగితే నాదే పాపమంట. పద, ఎక్కడికంటే అక్కడికొస్తా. ఆ తిట్లన్నీ ఎవరివి వాళ్లకు అప్పజెప్పి వస్తా."

ఆడవాళ్లంతా కలిసి బాపట్ల మండలాఫీసుకు పోయారు. గుమాస్తా కాగితం తిప్పి చూసి, "దేశరక్షణ విషయమమ్మా ఇది. అడ్డుపడతారా?" అన్నాడు.

"కాపాడమనే కదా బాబూ చెబుతున్నాం" అంది చెంచమ్మ. "మా కోడిగుడ్లు కూడా ఈ దేశంలోవే."

గుమాస్తా నవ్వాడు. నవ్వినవాడు కాగితం పక్కన పడేయలేడు. తెనాలిలో పై ఆఫీసుకు పంపిస్తానన్నాడు.

ఇంకో రోజు కంచె దాకా నడిచారు. గేటు దగ్గర కాపలా కుర్రాడికి తెలుగు రాదు, వీళ్లకు అతని భాష రాదు. చెంచమ్మ చెయ్యి పైకెత్తి రివ్వున తిప్పి, చెవులు మూసుకుని, గుండెలు బాదుకుని చూపించింది. అతను హడలిపోయి లోపలికి పరిగెత్తి జగ్గుతో మంచినీళ్లు తెచ్చాడు. అందరూ తాగారు. "వీడి తల్లి వీణ్ని బాగా పెంచింది" అంది చెంచమ్మ మూతి తుడుచుకుంటూ. ఆ రోజుకు అంతే పని అయింది. తిరిగి వస్తుంటే సరుగుడు తోటలో గాలి సముద్రంలాగే ఊగుతోంది. అడుగులు ఇసకలో చప్పుడు లేకుండా దిగబడుతున్నాయి. కలలో నడిచినట్టు, ఒకళ్ల వెనక ఒకళ్లు ఊళ్లోకి వచ్చారు.

రూతుకు ఎనిమిదో నెల నడుస్తుండగా కబురొచ్చింది. తెనాలి నుంచి పెద్ద రెవెన్యూ ఆఫీసరు శేషగిరిరావుగారు స్వయంగా వస్తారట. మోత ఎంతుందో చెవులతో వింటారట. విన్నాకే పైకి రాస్తారట.

ఆ రోజు ఊరు పెళ్లివారి కోసం చూసినట్టు చూసింది. చర్చి ముందు బల్లలు వేశారు. జీపు వచ్చింది. ఆయన సన్నటి మనిషి, తక్కువ మాటలవాడు. కూర్చుని, చెయ్యి గడియారం సరిచేసుకుని, ఆకాశం వంక చూశాడు. అందరూ చూశారు.

రోజూ బడి గంటకు ముందే దూరంగా వినపడే గుర్రుమనే చప్పుడు, సముద్రం దగ్గర పుట్టేది, ఆ పొద్దున పుట్టలేదు.

టీ ఇచ్చారు. ఆయన తాగాడు. ఆకాశం కడిగిన పలకలా ఉంది. పిల్లలు సముద్రం వైపు చెవులు రిక్కించారు. జార్జి మాస్టారు చెమట తుడుచుకున్నారు.

"రోజూ చెప్పకుండా ఊడిపడే అల్లుడు, కోడి కోసిన రోజునే రానట్టుంది" అని గొణిగింది చెంచమ్మ. "మనం అబద్ధాలకోర్లం అయిపోతున్నాం వదినా."

అచ్చమ్మ బల్లకు కాస్త దూరంగా నిలబడి ఉంది. జీవితంలో మొదటిసారి అవి రావాలని ప్రార్థన చేసింది. ఇవాళ రాకపోతే ఆయన జీపు ఎక్కి వెళ్లిపోతాడు. రేపు మళ్లీ వస్తాయి. రూతు రేపల్లెలో రైలు కూతల మధ్య కంటుంది. ఆ గది అలాగే ఉండిపోతుంది. రండి, ఒక్కసారి రండి అనుకుంది.

బడి మొదటి గంట కొట్టారు. ఊరికే కూర్చోబెట్టడం బాగోదని జార్జి మాస్టారు అర్జీ పైకి చదవడం మొదలుపెట్టారు. "అయ్యా, పొగడపాలెం గ్రామ కాపురస్తులమైన మేము తమకు విన్నవించుకునేది" అని, కాగితం పట్టుకుని, ఆగారు.

మాస్టారే కాదు. బల్లల వెనక గుసగుసలాడుతున్న మగవాళ్లు ఆగారు. టీ గ్లాసులు తీస్తున్న చెంచమ్మ ఒక కాలు ముందుకేసి ఆగింది. తల్లుల చేతులు చంటిపిల్లల చెవుల మీదికి వెళ్లాయి. కాలవ అవతల రామలింగం మగ్గం, పొద్దుటి నుంచి టకటకమంటున్నది, ఆగింది. కుక్కలు అరుగుల కిందికి దూరాయి. ఊరు ఊరంతా ఒక్క ఊపిరి బిగబట్టి, రాని దాని కోసం, అది వెళ్లిపోయే దాకా, నిలబడిపోయింది.

ఏమీ రాలేదు. గాలి సరుగుడు తోట మీద నుంచి దిగి, మాస్టారి చేతిలో కాగితాన్ని మెల్లగా కదిపి వెళ్లింది. తూము దగ్గర నీళ్లు జారుతున్న చప్పుడు వినపడింది. చాలా కాలానికి ఆ వేళప్పుడు వినపడింది. ఎవరూ కదల్లేదు.

శేషగిరిరావుగారు కూడా కదల్లేదు. ముందు ఆయనకు అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కరి మొహమే చూస్తూ వచ్చాడు. చూస్తూ చూస్తూ చివరికి అచ్చమ్మ దగ్గర ఆగాడు. ఆమె చేతులు రెండూ నడుం ఎత్తున గాలిలో ఉన్నాయి. దోసిలి కాదు, నమస్కారం కాదు. రెండు అరచేతులూ ఎదురెదురుగా, మధ్యలో ఖాళీ. కళ్లు మూసుకుని ఉంది.

అలవాటైన వ్యవధి గడిచింది. మగ్గం మళ్లీ మొదలైంది. చెంచమ్మ రెండో కాలు వేసింది. మాస్టారు గొంతు సవరించుకుని, "ఏమనగా" అని అందుకున్నారు.

"చాలండి మాస్టారూ" అన్నాడు ఆయన. లేచి అచ్చమ్మ దగ్గరికి వచ్చాడు. "చేతులు అలా ఎందుకు పట్టుకున్నారమ్మా?"

ఆమె కళ్లు తెరిచి చూసుకుంది. అప్పుడే చేతుల సంగతి తెలిసినట్టు కొంగులో దాచుకోబోయింది. దాచుకోలేదు.

"మా ఆయన చెవులండి" అంది.

తర్వాత చెప్పింది. ఎవరికీ చెప్పనిది, ఊరందరి ముందూ, మంచినీళ్లు తాగినంత మెల్లగా చెప్పింది. బర్నబాస్ పెదాలు కదపడం, తను చెవులు మూయడం, అయిపోయాక అందుకుంటాడని కాచుకోవడం. "ఏమన్నాడో తెలీదండి. పర్లేదండి, అది ఇక ఎటూ రాదు. మా అమ్మాయి నీళ్లాడే రోజులు దగ్గరపడ్డాయి. పుట్టేదానికి నేను ఏదైనా చెప్పుకుంటే, అది వినపడాలి కదండి. అందుకని అడుగుతున్నాం."

చెంచమ్మ గ్లాసులు బల్ల మీద పెట్టేసి అచ్చమ్మ భుజం పట్టుకుంది. ఆఫీసరు ఏ మాటా ఇవ్వలేదు. జీపు ఎక్కేముందు ఒకసారి ఖాళీ ఆకాశం వంక చూశాడు, అంతే.

రూతుకు తొమ్మిదో నెల రాగానే మండలాఫీసు నుంచి మనిషి వచ్చి ఊళ్లో చదివి వినిపించాడు. ఇక మీదట విమానాలు వచ్చే పూటకు ముందురోజు సాయంత్రం పొగడపాలెంలో కూడా టముకు వేస్తారు. పొద్దుటి విమానాలు వీలైనంత వరకు సముద్రం మీదుగా తిరుగుతాయి.

"వీలైనంత వరకు అంటే?" అంది చెంచమ్మ. "మా ఆయన పెళ్లిలో ఇదే మాట అన్నాడు."

అయినా చాలావరకు నిలబెట్టుకున్నారు. మధ్యలో ఒకటి రెండుసార్లు దారి తప్పి ఊరి మీదికే వచ్చాయి. అప్పుడు చెంచమ్మ ఆకాశానికి చెయ్యెత్తి తిట్టింది. జార్జి మాస్టారు మళ్లీ ఉత్తరం రాశారు. అది ఒక్కనాటితో తెగే పని కాదని అందరికీ తెలుసు.

విజయమ్మ ఎవరి మాటా నమ్మలేదు. తానే చూస్తానని తెనాలి నుంచి వచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే చెవుల్లో దూది కుక్కుకుని అరుగు మీద కూర్చుంది.

"ఇవాళ రావండి వదినగారూ, టముకు వేయలేదు" అంది అచ్చమ్మ.

"ఆఁ?"

"దూది తీయండి."

"ఏది తీయాలి?"

అచ్చమ్మ తన చేత్తోనే తీసింది. విజయమ్మ కాసేపు విని, "ఇదేంటి, ఇంత నెమ్మదిగా ఉంది, భయమేస్తోంది" అంది. మర్నాడు సాయంత్రం టముకు మోగింది. ఆ తర్వాతి పొద్దున విమానాలు సముద్రం మీదే తిరిగాయి. ఎక్కడో తిరగలి విసురుతున్నట్టు వినపడింది. "తెనాలి రైళ్ల కన్నా నయమే" అని, విజయమ్మ సాయంత్రం బండికి వెళ్లిపోయి, ఆదివారం కోడల్ని తానే తీసుకొచ్చి దింపింది.

రూతుకు బాపట్ల ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లిని, బిడ్డని పొగడపాలెం తీసుకొచ్చి లోపలి గదిలో పెట్టారు. రాత్రంతా ఏడవడం, పగలు నిద్రపోవడం ఆ పిల్ల పద్ధతి. అచ్చమ్మకు చేతినిండా పని. వేన్నీళ్లు, సాంబ్రాణి, బాలింతకు వేరే వంట, పిల్ల బట్టలు. కూర్చుంటే లేవాలి, లేస్తే కూర్చునే వీల్లేదు.

ఒక పొద్దున, ముందురోజు టముకు వేయని పొద్దున, పిల్లకు నీళ్లు పోసి, పొగ వేసి పడుకోబెట్టింది. రూతు కూడా పక్కకు తిరిగి నిద్రపోయింది. అచ్చమ్మ పెరట్లోకి వచ్చింది. రాత్రివీ పొద్దుటివీ అంట్లు గుట్టగా పడి ఉన్నాయి. అడుగంటిన అన్నం గిన్నె, పాల దబర, వెల్లుల్లి వేయించిన మూకుడు. బూడిద, కొబ్బరి పీచు దగ్గర పెట్టుకుని, పీట మీద కూర్చుని, మూకుడు చేతిలోకి తీసుకుంది. గరిటె దానికి తగిలి ఖంగుమంది. లోపల పిల్ల ఉలిక్కిపడి, చిన్నగా ఒక మూలుగు మూలిగి, మళ్లీ నిద్రలోకి జారింది.

అచ్చమ్మ మూకుడు పట్టుకుని అలాగే ఉండిపోయింది. కిటికీ తెరిచే ఉంది. గదిలో పిల్ల ఊపిరి వినపడుతోంది. పాలు తాగిన ఊపిరి, ముక్కులో కాస్త గురగురమంటోంది. వస్తోంది, పోతోంది. ఆగిందేమో అనిపిస్తుంది, మళ్లీ వస్తోంది.

చెంచమ్మ పిల్లను చూసిపోదామని కాలవ వంతెన దాటి పెరటి వైపు నుంచి వచ్చింది.

"ఇదేంటి వదినా, పొద్దెక్కింది, అంట్లు ఎండిపోతున్నాయి. తోమవా? లే, నేను రెండు తోమి పెడతా."

అచ్చమ్మ బూడిద అంటిన చెయ్యి ఎత్తింది. చెంచమ్మ నోరు మూసుకుంది. తలుపు వంక చూసింది, అంట్ల వంక చూసింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకోబోయినది వదిలేసి, చప్పుడు కాకుండా పక్కనే కూర్చుంది.

అచ్చమ్మ మూకుడిని ఇసకలో మెల్లగా దించింది. చేతులు కొంగుకు తుడుచుకుని గోడకు ఆనుకుంది. ఎండ అంట్ల మీదికి వచ్చింది. ఈగలు వచ్చాయి. కాకి ఒకటి దిగి, గిన్నె అంచున ఉన్న అన్నం మెతుకులు ఏరుకుంటోంది. ఆమె దాన్ని అదిలించలేదు, అంట్లు ముట్టుకోలేదు.